ఒకే దారి, ఇరవై ఏడు కార్తెలు

తాండూరు నాపరాతి గనుల్లో పనిచేసే మనిషి బండ మీద సుత్తితో మెల్లగా ఓ దెబ్బ వేసి, వచ్చిన చప్పుడును బట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పేస్తాడు. కంది రైతు పిడికెడు మట్టి తీసుకుని పిసికి చూసి, విత్తనానికి పదును చాలుతుందో లేదో తేల్చేస్తాడు. వీళ్లకు ఏకాగ్రత మీద ఎవరూ తరగతులు పెట్టలేదు. రోజూ తాకే వస్తువే వాళ్ల చెవికీ వేళ్లకీ ఆ విద్య నేర్పింది. అదే చూపును మన చుట్టూ ఉన్న అడవి మీదికి, గడ్డి మీదికి, వాగు మీదికి మళ్లించుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

ప్రకృతిని కాపాడాలి అనగానే బళ్లలో, ఆఫీసుల్లో మొదట గుర్తొచ్చే పని మొక్క నాటడం. జూలైలో గుంట తీస్తారు, నీళ్లు పోస్తారు, ఫొటో దిగుతారు. కొన్ని చోట్ల అది చాలా అవసరమైన పని. కానీ ఆ గుంట తీసిన చోట అంతకుముందు ఏముందో చూసినవాళ్లు ఎంతమంది? అక్కడి గడ్డిలో ఓ తీతువు గుడ్లు పెట్టుకుని ఉండవచ్చు. మనం పనికిరాని కంప అనుకుని కొట్టేసింది ఊరవతలి అవ్వ ఏటా పండ్లు ఏరుకునే పొద కావచ్చు. తెలియని చోటును బాగుచేయబోతే చెడగొట్టడమే ఎక్కువ జరుగుతుంది. అందుకని మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. ఒక దారి ఎంచుకోండి. ఏడాదిపాటు ఆ దారినే నడవండి. అక్కడ ఉన్నవాటిని పేరుపేరునా తెలుసుకోండి. నాటడం, పెరకడం, అర్జీ పెట్టడం అన్నీ ఆ తరవాత.

కాళ్ల కింద ఏముంది

నడిచేవాళ్లకు మన వికారాబాద్ జిల్లా పెద్ద అదృష్టం. అనంతగిరి కొండల ఎర్రమట్టి కింద నల్లరాయి ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను అంతటా పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా అది. అదే రాయి యుగాల తరబడి ఎండకూ వానకూ మాగి, సారమంతా కొట్టుకుపోయి, ఇనుము మిగిలి, చిల్లులు చిల్లుల ఎర్రరాయిగా మారింది. అక్కడి నుంచి పడమటికి దిగి తాండూరు చేరేసరికి కాళ్ల కింద రాయే మారిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మనం ఒళ్లు వాల్చే చల్లటి గచ్చు ఒకప్పటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. దాని వయసు యాభై కోట్ల ఏళ్లకు పైమాటే. ఆ సున్నపురాతి మీది నల్లరేగడిలో పండినందుకే మన కందికి ఆ రుచి, ఆ ఉడుకు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, ఆ గుర్తింపులో ఈ పాత సముద్రానికీ వాటా ఉంది.

నీళ్లదీ చెప్పుకోవలసిన కథే. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు పారుతుంది. కొండ గుహలో నిద్రపోయిన ముచుకుందుడి పేరు మీద దాన్ని ముచుకుందా నది అంటారు. గండిపేటలో ఆగి, హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున దిగిన నీళ్లు కాగ్నాలో చేరతాయి. ఆ కాగ్నా తాండూరు పక్కగా కర్ణాటకలోకి వెళ్లి, రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, అంటే నేటి మల్ఖేడ్, పక్కనుంచి సాగి భీమలో కలుస్తుంది. భీమ పోయి కృష్ణలో పడుతుంది. ఒకే ఎత్తు మీద దగ్గర దగ్గరగా పడ్డ రెండు చినుకులు చెరో దిక్కుకూ పోయి, ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఒకే నదిని చేరతాయి. దీన్ని పిల్లలకు కొండ మీద నిలబెట్టి, చేయెత్తి చూపించాలి. బడిలో గోడకున్న మ్యాపు ముందు ఎంత చెప్పినా ఆ ఆశ్చర్యం వాళ్ల ముఖంలోకి రాదు.

ఏ దారి ఎంచుకోవాలి

చాలామంది నేరుగా అనంతగిరికే పోదామంటారు. తప్పకుండా పోండి. కానీ ఆదివారం పొద్దెక్కాక కార్లూ, స్పీకర్లూ, మిర్చి బజ్జీల బండ్లూ చేరాక అక్కడ మీకు వినిపించేది అడవి గొంతు కాదు. పైగా ఏడాదికి రెండుసార్లు వెళ్లే చోటు మీకు చుట్టపుచూపుగానే మిగులుతుంది. మీ దారి ఇంటి నుంచి అరగంటలో, నడిచో సైకిలు మీదో చేరగలిగేదై ఉండాలి. కాగ్నా ఒడ్డు కావచ్చు, ఊరి చెరువు కట్ట కావచ్చు, రెండు చేల మధ్య దున్నకుండా వదిలేసిన బీడు కావచ్చు. కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గరివాళ్లయితే పడవలు తిప్పే వైపు వదిలేసి, అడవి నీటిని తాకే అంచు వెంట నడవండి. కొంచెం నీళ్లు, ఒకటి రెండు ముసలి చెట్లు, ఎవరూ పట్టించుకోని కొంత కంప ఉంటే చాలు. పాత నాపరాతి గుంతల్లో నీళ్లు నిలిచి పక్షులు చేరతాయి, నిజమే. కానీ వాటి అంచులు నిట్టనిలువుగా ఉంటాయి, లోతు తెలియదు. పెద్దవాళ్లు దూరం నుంచి చూడవచ్చు గానీ పిల్లల్ని అటు తీసుకుపోవద్దు.

వెళ్లే వేళ తెల్లవారుజాము. సూర్యుడు వచ్చిన మొదటి గంటన్నరలో పక్షులు తిండికోసం బయటికొస్తాయి, మట్టి మీద రాత్రి పడిన అడుగులు చెరిగిపోకుండా ఉంటాయి. తొమ్మిది దాటితే అన్నీ నీడకు చేరతాయి, మీరూ ఇంటికి చేరవచ్చు.

ఇక నోటుపుస్తకం. జనవరి, ఫిబ్రవరి అని పేజీలు వేయకండి. మన రైతులు ఏడాదిని ఇరవై ఏడు కార్తెలుగా చూస్తారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. నెలలో ఏం మారిందో చెప్పడం కష్టం, రోజులో ఏం మారిందో కనబడదు. కార్తె సరిగ్గా ఒక మార్పు కంటికి ఆనేంత కాలం. పుస్తకంలో ఇరవై ఏడు పేజీలు తీసి, ఒక్కోదాని మీద ఒక్కో కార్తె పేరు రాయండి. ప్రతి కార్తెలో కనీసం ఒక్కసారి ఆ దారి నడిచి, పూసింది, కాసింది, వచ్చింది, పోయింది రాసుకోండి. పెద్దగా రాయనక్కర్లేదు. రేల మొగ్గ తొడిగింది, వాగులో నీళ్లు ఆగాయి, చెరువులో కొత్త బాతులు వచ్చాయి, ఇంతే. రెండో ఏడాది అదే పేజీలో అదే కార్తె కింద ఇంకో రంగు సిరాతో రాయండి. వాన ముందు వచ్చిందో, పూత వెనకబడిందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏం కనబడతాయో కొంత చెబుతాను. శతభిషం, పూర్వాభాద్ర కార్తెల్లో ఆకు రాల్చిన మోదుగలు నారింజ రంగులో విరగబూస్తాయి. ఆ పూల తేనె కోసం గోరింకలు, పికిలిపిట్టలు, చిలుకలు కొట్లాడుకుంటాయి. ఆ వెనకే ఇప్పపూలు రాలతాయి. అశ్విని నుంచి కృత్తిక దాకా రేలచెట్లు బంగారు గుత్తులు వేలాడేసుకుంటాయి. రోహిణి ఎండ మాడ్చేస్తున్నప్పుడు, తొలకరికి కాస్త ముందుగా, తల మీద కిరీటంలాంటి జుట్టుతో నలుపూ తెలుపూ పిట్ట ఒకటి కూస్తుంది. మన కవులు ఎప్పటినుంచో చెబుతున్న చాతకం అదే. ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వానగాలితో పాటు వస్తుంది. మృగశిర, ఆరుద్రల్లో మొదటి వానకు తడిసిన నేల మీద మఖమల్ గుడ్డలా ఎర్రగా ఆరుద్ర పురుగులు పాకుతాయి. అవి కనబడితే రైతుకు సంబరం. వాటిని సీసాల్లో పట్టొద్దని మాత్రం పిల్లలకు చెప్పండి. ఉత్తర, హస్త వచ్చేసరికి తంగేడు, గునుగు. స్వాతి, విశాఖల్లో చలి పక్షులు దిగుతాయి.

బతుకమ్మకు పూలు తెచ్చుకోవడానికి చెలకలూ గట్లూ తిరిగే ఆడపిల్లల్ని గమనించండి. ఏ గట్టు మీద గునుగు దట్టంగా ఉంటుందో, ఏ తంగేడు ముందు పూస్తుందో వాళ్లకు తెలుసు. మనింట్లో పెద్దమ్మలు, అత్తలు ముందు నడిచి పిల్లలకు చూపించిన దారులవి. ఇప్పుడు పూలు సంతలో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. ఈ ఏడు ఒక్క పూటయినా పిల్లల్ని వెంటబెట్టుకుని మీరే కోసుకురండి. ఒక చెట్టునే దోచేయకుండా కొమ్మకు కొంత వదిలేయడం కూడా అక్కడే నేర్పవచ్చు.

దసరాకు పాలపిట్టను చూడటమూ అంతే. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అయినా పండుగనాడు పంజరంలో బంధించి, రెక్కలు కట్టి, డబ్బులకు చూపించేవాళ్లు కనిపిస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరం. డబ్బులిచ్చి చూసినవాళ్లే ఆ వ్యాపారాన్ని నడుపుతున్నట్టు లెక్క. పొద్దున్నే కంది చేల వైపు నడిస్తే కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఉచితంగానే దర్శనమిస్తుంది. అది మిడతల కోసం కిందికి దూకేటప్పుడు రెక్కల నీలం చూసిన పిల్లవాడు పంజరం వైపు మళ్లీ చూడడు.

పేర్లు ఎవరిని అడగాలి

ఫోనులో ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లున్నాయి, చూసిన పక్షులను నమోదు చేసుకునేవీ ఉన్నాయి. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ లాంటివి మంచివి, వాడండి. మీరు అక్కడ నమోదు చేసింది దేశంలో ఎవరైనా చూడగలరు, తప్పుంటే తెలిసినవాళ్లు దిద్దుతారు. కానీ మొదట అడగాల్సింది మీ దారిలో రోజూ తిరిగే మనిషిని. గొర్లు కాసే కురుమ పెద్దయ్యకు ఏ ఆకు జీవాలు ముట్టవో తెలుసు. తండాల నుంచి సీతాఫలాలు కోసుకుని బస్టాండులో అమ్మే అక్కకు ఏ కొండవాలు ముందు పండుతుందో తెలుసు. తునికాకు కోసినవాళ్లకు ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో చెప్పనక్కర్లేదు.

“అవ్వా, ఇదేం చెట్టు?” అని అడగండి.

“గిదీ తెల్వదా బిడ్డా, పాలకొడిశె గాదా” అంటుంది.

అక్కడితో వదలకండి. దేనికి వాడతారు, ఎవరు తింటారు, చిన్నప్పుడు ఇంకెక్కడెక్కడ ఉండేది అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే విలువైనది. ఆ దారి నలభై ఏళ్ల కిందట ఎలా ఉండేదో ఏ పుస్తకంలోనూ దొరకదు. అవ్వ చెప్పింది అలాగే, ఆమె మాటల్లోనే రాసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి. ఆమెను సగం పూట వెంట తిప్పుకుంటే సగం పూట కూలి ఇవ్వండి. నగరం నుంచి వచ్చే గైడుకు డబ్బులిచ్చి, ఊరి మనిషి దగ్గర ఊరికే నేర్చుకోవడం న్యాయం కాదు.

పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు

పర్యావరణం ప్రతి తరగతిలోనూ తప్పనిసరి పాఠం కావాలని 2003లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2001 నుంచి జాతీయ హరిత దళం పేరుతో బళ్లలో పిల్లల సంఘాలున్నాయి. అంటే ఉపాధ్యాయులకు ఈ పనికి అనుమతీ, వేదికా రెండూ ఉన్నట్టే. కావలసింది గేటు దాటి బయటికి నడవడం.

పది, పన్నెండు మంది పిల్లలకు ఒక పెద్ద తోడుండాలి. అంతకు మించితే అది ఊరేగింపు అవుతుంది. రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే ముందుగా అటవీ రేంజి అధికారి దగ్గర అనుమతి తీసుకోండి. అడిగితే బీట్ అధికారిని తోడు పంపే అవకాశం కూడా ఉంటుంది, ఆయన చెప్పే సంగతులు పిల్లలు మరిచిపోరు. చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు మేలు. సెంటు, పూల నూనె వద్దు, ఎందుకంటే పెద్ద తేనెటీగల పట్టు చెట్టు మీదో బండ మీదో ఉంటే ఆ వాసనకు లేస్తాయి. పట్టు కనబడితే నోరు మూసుకుని వెనక్కి తిరగడమే.

పాముల గురించి భయపెట్టకండి, దాచకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగూ మన ప్రాంతంలో ప్రాణం తీయగలవి. చేయి పెట్టే చోటు, కాలు వేసే చోటు కంటితో చూశాకే పెట్టాలని నేర్పండి. పొరపాటున కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, 108కి ఫోను చేసి, విషానికి మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. మంత్రగాడి దగ్గర పోయే ప్రతి నిమిషం ప్రాణంలోంచి పోతుంది.

అనంతగిరిలో కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు పెట్టనివ్వకండి. చేతిలో తిండికి అలవాటుపడ్డ గుంపు అడవిలో వెతుక్కోవడం మానేస్తుంది, సంచులు లాక్కుంటుంది, ఆ తరవాత ఊళ్లమీద, చేలమీద పడుతుంది. కోతుల బెడదతో కూరగాయలు వేయడమే మానుకున్న రైతులు తెలంగాణలో ఊరూరా ఉన్నారు. గుడి మెట్ల మీద మనం పుణ్యమనుకుని చేసే పని ఖర్చు వాళ్ల మీద పడుతోంది.

దారి మధ్యలో ఒకచోట అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాటల్లేకుండా ఉండమనండి. మొదటి మూడు నిమిషాలు నవ్వులు, గిల్లుకోవడాలు. ఆ తరవాత వింటారు. ఎన్ని రకాల చప్పుళ్లు విన్నారో కాగితం మీద గీతలు గీయమనండి. పెద్దవాళ్లకు ఒక్క మాట: పిల్లవాడు అడిగిన ప్రతిదానికీ వెంటనే పేరు చెప్పేయకండి. “దాని తోక ఎలా ఉంది, నేల మీద నడుస్తోందా గెంతుతోందా?” అని తిరిగి అడగండి. పేరు చివర్లో రావాలి. తనంతట తాను చూసినదానికి పేరు దొరికితే పిల్లవాడు దాన్ని వదలడు.

ఖాళీ అని పేరుపడ్డ నేల

ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే మనసుకు దగ్గరైన విషయం గడ్డి. మోమిన్‌పేట మండలం ఎన్కతల దగ్గర గడ్డి మైదానం ఉంది. చెట్లు తక్కువ, కనుచూపు మేర ఎండుగడ్డి, అక్కడక్కడా కంప. తెలియనివాళ్లకు అది బంజరు. పక్షులు చూసేవాళ్లకు చలికాలంలో యాత్రాస్థలం. మధ్య ఆసియా నుంచి పిల్లి గద్దలు దిగివస్తాయి. గడ్డికి జానెడెత్తున తేలుతూ, మిడతలను, చిన్న పిట్టలను వేటాడి, పొద్దుగూకగానే గడ్డిలోనే నేల మీద గుంపుగా నిద్రపోతాయి. గడ్డి లేకపోతే వాటికి రాత్రి గడిపే చోటు లేదు. నక్కలు, కుందేళ్లు, కౌజులు, నేల మీద గూడు పెట్టే పిట్టలన్నీ ఇలాంటి నేలనే నమ్ముకున్నాయి. ఊరి గొర్లమందలూ అంతే.

ఇలాంటి చోట గుంటలు తీసి చెట్లు నాటితే పచ్చదనం పెరిగినట్టు కాగితం మీద కనబడుతుంది. గడ్డిని నమ్ముకున్న జీవాలకు మాత్రం అది ఇల్లు కూలడమే. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ పంటలు మారాయి, గడ్డి కుదించుకుపోయింది, మీటరు ఎత్తున్న ఆ మహాపక్షి అక్కడ దాదాపు కనుమరుగైంది. బోర్డు పెట్టినంత మాత్రాన పిట్ట నిలవలేదు. అందుకే విత్తన బంతులు విసిరే ఉత్సాహం ఉన్న యువకులను నేను బతిమాలుకుంటాను. ముందు అది అడవి నేలా, గడ్డి నేలా అని కనుక్కోండి. గడ్డి నేల అయితే బంతులు సంచిలోనే ఉంచండి.

నాటవలసిన చోటు కూడా ఉంటుంది: రోడ్డు పక్క, బడి ఆవరణ, చెరువు కట్ట దిగువ, అడవిలో చెట్లు పోయిన ఖాళీ. అక్కడ మన దారిలోని చెట్ల విత్తనాలే తెచ్చుకోవాలి. మోదుగ, నేరేడు విత్తనాలు ఎక్కువ రోజులు నిలవవు, రాలిన కొద్దిరోజుల్లోనే వేయాలి. రేల గింజ పెంకు గట్టిది, కాస్త గీరి నానబెడితేనే మొలుస్తుంది. మారేడు, చండ్ర, ఏగిస, నల్లమద్ది, ఉసిరి మన నేలకు అలవాటైనవి. గుబురుగా పెరుగుతుందని నర్సరీలో చూపించే కోనోకార్పస్ జోలికి పోకండి. కార్తికమాసంలో ఉసిరి కింద వనభోజనం చేయాలంటే ముందు ఎవరో ఒకరు ఉసిరి నాటి ఉండాలి కదా.

పెరకడం అంతకంటే ఓపిక కోరే పని. 19వ శతాబ్దం మొదట్లో అందం కోసం కలకత్తా తోటకు తెచ్చిన లాంటానా ఇప్పుడు అనంతగిరి లాంటి కొండల్లో చెట్ల కింద గడ్డి మొలవనివ్వదు. 1877 ప్రాంతంలో కడప వైపు నాటిన సర్కారు తుమ్మ తెలుగు నేలంతా పాకింది. 1950ల్లో పుణె దగ్గర మొదట కంటబడ్డ వయ్యారిభామ ఇవాళ ప్రతి గట్టు మీదా ఉంది. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేళ్లతో సహా పీకండి. పుప్పొడి తగిలితే దురదలు, ఆయాసం వస్తాయి. లాంటానాను పైన నరికితే ఇంకా గుబురుగా లేస్తుంది. నేలకు కొద్దిగా కింద వేరు మొదలును కోసి, మొక్కను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. మళ్లీ వచ్చే రెండు మూడు వానాకాలాలు అదే చోటుకు తిరిగి వెళ్లి, మొలకలు పీకుతూ ఉండాలి. ఒక్క ఆదివారం శ్రమదానంతో అయ్యే పని కాదిది. అడవిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా కత్తి ఎత్తకండి. ఒక పొద తీసేముందు దానిలో గూడు ఉందేమో చూడండి.

తోడు ఎవరున్నారు

ఒంటరిగా మొదలుపెట్టినా ఒంటరిగా కొనసాగించడం కష్టం. 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా పుట్టి ఇప్పుడు దక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న బృందం హైదరాబాదు చుట్టుపక్కల పక్షుల నడకలు పెడుతుంది. కొత్తవాళ్లకు దుర్భిణి పట్టడం దగ్గర నుంచి నేర్పుతారు. 1996లో మొదలై, చరిత్రకారుడు నరేంద్ర లూథర్ లాంటివారు నిలబెట్టిన రాళ్ల పరిరక్షణ సంఘం బండరాళ్ల మధ్య నడకలు నడిపిస్తూ, రాయి కూడా వారసత్వమేనని ప్రభుత్వాన్ని ఒప్పించింది. మనకు పొరుగునే, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంక్రాంతి వేళ పాత పంటల జాతర తీస్తారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చదువు రాని రైతమ్మలు విత్తన బ్యాంకు నడిపి ప్రపంచానికి పాఠం చెప్పారు. ఈ మూడింటిలో ఏదో ఒకదానితో ఒక్కసారి నడిచి వచ్చి, చూసింది తాండూరులో మీ పద్ధతిలో మొదలుపెట్టండి. వాళ్ల పేరు, జెండా మనకు అవసరం లేదు. ప్రతి నెలా ఒకే ఆదివారం, ఒకే వేళకు, ఎంతమంది వచ్చినా రాకపోయినా నడక ఆగకూడదన్న పట్టుదల మాత్రం వాళ్ల నుంచి తెచ్చుకోవాలి.

పంచాయితీ వచ్చినప్పుడు

ఎంచుకున్న దారి మీద ప్రేమ పెరిగాక ఏదో ఒకరోజు దాని మీద ఇంకొకరికి హక్కు ఉందని తెలుస్తుంది. మన జిల్లా ఈ మధ్యకాలంలో దాన్ని రెండుసార్లు చూసింది.

పూడూరు మండలం దామగుండం అడవిలో 2,900 ఎకరాలను నౌకాదళం వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) సమాచార ప్రసార కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశరక్షణ అవసరమని ఒకవైపు, మూసీ పుట్టే ప్రాంతపు అడవి పోతుందని మరోవైపు వాదనలు నడిచాయి. నా మనసు అడవి వైపే ఉంది, దాచను. ఆ గొడవలో ఎన్ని చెట్లు పోతాయన్న లెక్క దగ్గరే రెండు పక్షాలకూ పొంతన కుదరలేదు. ఊళ్లవాళ్లు ముప్పై ఏళ్లుగా కార్తె కార్తెకూ రాసుకున్న పుస్తకం ఒకటి ఉండి ఉంటే ఆ మాట ఎంత బలంగా నిలిచేదో ఆలోచించండి.

రెండోది మన హైదరాబాదు రోడ్డు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, చేవెళ్ల మీదుగా, రెండువైపులా దాదాపు 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలంటే అవి అడ్డం. ప్రకృతి ప్రేమికులు ఆ చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఎక్కడున్నాయో గుర్తించి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చివరికి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని తరలించేలా దారి మార్చారు. ఆ రోడ్డు వెడల్పు కాకముందే 2025 నవంబరు 3న తాండూరు నుంచి బయలుదేరిన ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొంది. మన పిల్లలు, మన తల్లులు పోయారు. ఆ రోజు నుంచి తాండూరులో మర్రిచెట్ల మాట ఎత్తడం కష్టం, ఆ బాధ ముందు ఎవరూ వాదన పెట్టకూడదు కూడా. నేను చెప్పగలిగింది ఇదే. సురక్షితమైన రోడ్డు మన హక్కు, అది ఏళ్లతరబడి ఆలస్యం కాకూడదు. చెట్లెన్ని, ఎక్కడెక్కడ అన్న లెక్క మొదటి నక్షా గీసిన రోజే అధికారుల బల్ల మీద ఉండి ఉంటే, రోడ్డూ చెట్లూ రెండింటికీ చోటు చూసుకునే పని ఎప్పుడో పూర్తయ్యేది. ఆ లెక్క ఆలస్యంగా వస్తే మనుషులూ నష్టపోతారు, చెట్లూ నష్టపోతాయి.

అందుకని మీ కార్తెల పుస్తకాన్ని బీరువాలో దాచకండి. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి గ్రామపంచాయతీకి, మున్సిపాలిటీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ ఊళ్లో ఉండే చెట్లు, పక్షులు, పంటలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాసి ఉండాలి. మన పక్క జిల్లా సంగారెడ్డిలో అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. దేశంలో పట్టణ ప్రాంతపు చెరువుకు అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. అక్కడ పక్షులు చూసేవాళ్లు ఏళ్లుగా రాసిపెట్టుకున్న జాబితాలు ఊరికే పోలేదు.

మీ ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. అది ఎవరైనా చూడదగ్గ కాగితం. చూపిస్తే, మీ దారిలో మీరు చూసినవి అందులో ఉన్నాయో లేదో సరిచూసుకుని, లేనివి చేర్చమని అర్జీ రాసి, రసీదు తీసుకోండి. పుస్తకం ఎక్కడో ఉందని, వెతకాలని చెబితే వచ్చే గ్రామసభలో అదే ప్రశ్న మళ్లీ అడగండి. అసలు కమిటీయే లేకపోతే, గొర్లు కాసే పెద్దయ్యను, సీతాఫలాలమ్మే అక్కను, బడి సైన్సు సారును అందులో సభ్యులుగా పెట్టమని పేర్లు ఇవ్వండి. మీ ఇరవై ఏడు పేజీల జిరాక్సు కాపీ అర్జీకి జతచేయండి. అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, వచ్చే కార్తెకు దానితో పని ఉంది.